ఎయిట్ మైల్ రోడ్డుకి ఇవతల

మా రోజుల్లో పౌరహక్కుల చట్టాల గురించి మాట్లాడేవాళ్లకి ఆ చట్టాలు ఎలా వచ్చాయో తెలిసేది. ఎవరి మెడలు వంచితే వచ్చాయి, ఏ ఎన్నికల్లో ఎవరి ఓట్లు కావలసి వచ్చి ఇచ్చారు, ఇచ్చేముందు అందులోంచి ఏమేం కోసేశారు, అన్నీ పూస గుచ్చినట్టు చెప్పేవాళ్లు. ఇప్పుడు జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ పేరు మీద సెలవు వస్తుంది. పిల్లలు స్కూల్లో ఆయన బొమ్మకి రంగులు వేసుకొస్తారు. దుకాణాల్లో పరుపుల మీద ధర తగ్గిస్తారు. ఆయన గొప్ప ప్రసంగం చేశాడు, అధ్యక్షుడు జాన్సన్ మనసు కరిగింది, సంతకం పెట్టాడు, వర్ణవివక్ష పోయింది. డెట్రాయిట్ చుట్టుపక్కల పెరిగిన మన పిల్లలకి తెలిసిన చరిత్ర ఇంతే. బతికున్న కింగ్ గురించి 1966లో గాలప్ సర్వే వాళ్లు అడిగితే అమెరికన్లలో నూటికి 63 మంది ఆయనంటే తమకి సదభిప్రాయం లేదన్నారు. ఆ ముక్క పిల్లలకి ఎవరూ చెప్పరు. ఆ సెలవు చట్టం మీద 1983లో సంతకం పెట్టిన అధ్యక్షుడు రేగన్, 1964 పౌరహక్కుల చట్టాన్ని వ్యతిరేకించిన మనిషేనని కూడా చెప్పరు.

ఇంకో రకం ఉన్నారు. హెచ్1 మీద వచ్చి, గ్రీన్‌కార్డులు తెచ్చుకుని, పౌరసత్వం తీసుకున్న నడివయసు వాళ్లు. ఏ ఫంక్షన్‌లోనో ఈ మాట ఎత్తితే, "అదంతా ఓట్ల రాజకీయం అంకుల్, జాన్సన్‌కి నల్లవాళ్ల మీద ప్రేమా ఏమన్నానా!" అని తీసిపారేస్తారు. ఓట్ల కోసం చేశారు గనక దానికి విలువ లేదని వాళ్ల తీర్పు. నాకు ఈ రెండో రకం మీదే కోపం ఎక్కువ. పిల్లలకి తెలియదు, నేర్పలేదు. వీళ్లు సగం తెలుసుకుని అక్కడే ఆగిపోయారు.

నేను 1971లో కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీ పట్టా పట్టుకుని డెట్రాయిట్ వచ్చాను, వేన్ స్టేట్‌లో పై చదువుకి. అప్పటికి మూడేళ్ల కిందటే, 1968 ఏప్రిల్‌లో, కింగ్‌ని చంపిన వారానికి, ఇళ్లు అమ్మడంలో, అద్దెకివ్వడంలో రంగు చూడకూడదని చట్టం చేశారు. ఫోన్‌లో ఖాళీగా ఉందన్న వాటా నేను వెళ్లి తలుపు కొట్టేసరికి ఎవరికో ఇచ్చేసినట్టయ్యేది. ఒకచోట కాదు, చాలాచోట్ల. ఆ చట్టం సెనేట్ దాటడానికి దాని కోరలు పీకేశారని, కేసు పెట్టుకుంటే పెట్టుకో, గృహనిర్మాణ శాఖ మాత్రం మధ్యవర్తిత్వం తప్ప ఏమీ చెయ్యలేదన్నట్టు రాశారని నాకప్పుడు తెలియదు. దానికి కాస్త కోరలు వచ్చింది 1988లో. అంటే ఇరవై ఏళ్లు ఆ చట్టం ఎక్కువగా కాగితం మీదే బతికింది.

చివరికి నాకు మేడ మీది వాటా ఇచ్చింది నగరం పడమటి వైపున్న ఒక నల్ల పెద్దావిడ. అలబామాలో పుట్టి, యుద్ధకాలంలో ఫ్యాక్టరీ పనికి వచ్చిన మనిషి. సాయంత్రాలు వరండాలో కూర్చుని నాకు ఈ దేశాన్ని నేర్పింది ఆవిడే. ఆవిడ చెప్పే చరిత్రలో మహానుభావులు ఉండేవాళ్లు కాదు, ప్రతి చట్టం వెనకా ఒక బేరం ఉండేది. తర్వాత పుస్తకాలు తెప్పించుకుని చదివితే ఆవిడ చెప్పింది ఎక్కడా తప్పు పోలేదు.

1941 సంగతి అలాగే తెలిసింది. రైళ్లలో పనిచేసే నల్ల పోర్టర్ల యూనియన్ నాయకుడు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్, లక్ష మందితో వాషింగ్టన్ వస్తానని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కి చెప్పాడు. యుద్ధం ముంచుకొస్తున్న వేళ రాజధాని వీధుల్లో ఆ ఊరేగింపు ప్రపంచం చూడటం రూజ్‌వెల్ట్‌కి ఇష్టం లేదు. జూన్ 25న 8802 నంబరు ఉత్తర్వు ఇచ్చాడు: యుద్ధ సామగ్రి కర్మాగారాల్లో రంగు చూసి పని నిరాకరించకూడదని. ఆవిడకీ, ఆవిడ భర్తకీ డెట్రాయిట్‌లో పని దొరికిందంటే ఆ ఉత్తర్వు వల్లే. 1948లో ట్రూమన్ సైన్యంలో వేరువేరు పటాలాలు వద్దని ఆజ్ఞ ఇచ్చింది జూలైలో, ఎన్నికలు నవంబరులో. ఉత్తరాది నగరాల్లో నల్లవాళ్ల ఓట్లు గెలుపోటములు తేల్చవచ్చని ఆయన సలహాదార్లు ముందు ఏడాదే రాసిచ్చారు. అటు రాండాల్ఫ్, ఇలాగే ఉంటే మా కుర్రాళ్లు సైన్యంలో చేరరని హెచ్చరించాడు. రెండు వైపుల నుంచీ ఊపిరాడకుండా చేస్తే వచ్చిన ఆజ్ఞ అది.

1957 చట్టం కథ ఇంకా దారుణం. అప్పటికి సెనేట్‌లో మెజారిటీ నాయకుడు జాన్సన్. అధ్యక్ష పదవి మీద కన్నుంది. దక్షిణాది మనిషి అన్న ముద్ర పోవాలంటే ఏదో ఒక పౌరహక్కుల చట్టం తన చేతుల మీదుగా వెళ్లాలి, దక్షిణాది సెనేటర్లకి కోపమూ రాకూడదు. పడమటి రాష్ట్రాల సెనేటర్లకి హెల్స్ కేన్యన్ దగ్గర ఆనకట్ట కావాలి. దక్షిణాది వాళ్లు ఆనకట్టకి ఓట్లు వేశారు, బదులుగా పడమటి వాళ్లు ఈ బిల్లును నీరుగార్చడానికి ఓట్లు వేశారు. ఓటుహక్కు అడ్డుకున్నవాణ్ణి జ్యూరీ ముందు నిలబెట్టాలని రాశారు. దక్షిణాదిలో ఆ జ్యూరీలో కూర్చునేది తెల్లవాళ్లే. ఇంతా చేసి ఆ ఆనకట్ట బిల్లు ప్రతినిధుల సభ దాటనేలేదు.

మనవాళ్లు మరిచిపోయిన కారణం ఇంకోటుంది, రష్యా. స్కూళ్లలో వేర్పాటు మీద సుప్రీంకోర్టులో కేసు నడుస్తున్నప్పుడు, 1952 డిసెంబరులో ప్రభుత్వమే కోర్టుకి చెప్పుకుంది: ఈ వివక్ష కమ్యూనిస్టుల ప్రచారానికి ఆయుధమవుతోందని. 1954లో ఆ వేర్పాటు చెల్లదని తీర్పు వచ్చిన గంటలోపే ప్రభుత్వ రేడియో వాయిస్ ఆఫ్ అమెరికా దాన్ని ప్రపంచానికి చాటింది. మరుసటి ఏడాది ఆగస్టులో మన రాయబారి జి.ఎల్. మెహతా హ్యూస్టన్ విమానాశ్రయంలో భోజనానికి కూర్చుంటే, తెల్లవాళ్ల గది ఇది అని లేపి వేరేచోట కూర్చోబెట్టారు. విదేశాంగ మంత్రి డలెస్ వెంటనే క్షమాపణ చెప్పాడు. ఇండియా ఎటు మొగ్గుతుందో అన్న భయం అది. అలాంటి గదుల్లోకి అడుగే పెట్టనివ్వని టెక్సస్ నల్లవాళ్లకి ఎవరూ క్షమాపణ చెప్పలేదు. వాళ్లు ఎటూ మొగ్గే వీలు లేదు కదా.

ఇక 1964. సెనేట్‌లో ఆ ఏటి పౌరహక్కుల బిల్లుకి అడ్డం కూర్చున్నవాళ్లని లేపడానికి జూన్ 10న 71 ఓట్లు పడ్డాయి, అందులో 27 రిపబ్లికన్లవి. వ్యతిరేకంగా ఓటేసిన సెనేటర్ గోల్డ్‌వాటర్‌ని ఆ పార్టీయే మరుసటి నెలలోనే అధ్యక్ష అభ్యర్థిని చేసింది. నవంబరులో ఆయన సొంత రాష్ట్రం కాక గెలిచిన అయిదూ దిగువ దక్షిణాది రాష్ట్రాలే. ఆ తర్వాత నిక్సన్ దక్షిణాది తెల్లవాళ్ల ఓట్లు పట్టడాన్నే ఎన్నికల వ్యూహంగా మలుచుకున్నాడు. వర్జీనియా నుంచి వచ్చిన హోవర్డ్ స్మిత్ అనే కరడుగట్టిన వేర్పాటువాది, ఉద్యోగాల్లో ఆడవాళ్లపై వివక్ష కూడా చట్టవిరుద్ధమని ఈ బిల్లులో చేర్పించాడు. బిల్లును ముంచడానికే చేశాడని అప్పట్లో చాలామంది అన్నారు. మునగలేదు. ఇవాళ ఇక్కడ ఆఫీసుల్లో ధైర్యంగా నిలబడుతున్న మన ఆడపిల్లల వెనక ఉన్నది ఆ సవరణే. జాన్సన్ 1937 నుంచి ఇరవై ఏళ్లు ఇలాంటి ప్రతి బిల్లుకీ వ్యతిరేకంగా ఓటేసినవాడు. ఆయన పదవి కోసమే మారాడా, మనసు కూడా మారిందా అని జీవితచరిత్రలు రాసేవాళ్లు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మా ఇల్లుగలావిడకి ఆ వాదన అక్కర్లేదు. "వాళ్లు ఎందుకిచ్చారో నాకు బాగా తెలుసు అబ్బాయ్. తెలుసు గనకే మళ్లీ లాక్కోకుండా చూస్తాను" అనేది. ఊరికే అనడం కాదు. 1973లో కోల్మన్ యంగ్ డెట్రాయిట్‌కి మొదటి నల్ల మేయరుగా నిలబడినప్పుడు మోకాళ్ల నొప్పులతో ఇంటింటికీ తిరిగింది. స్కూలు బోర్డు ఎన్నికయినా, డ్రెయినేజీ పన్ను మీద ఓటింగయినా వదిలిపెట్టేది కాదు.

లాక్కుంటారని ఆవిడకి ఎలా తెలుసంటే, ఒకసారి లాక్కున్నారు గనక. అంతర్యుద్ధం తర్వాత నల్ల మగవాళ్లకి ఓటుహక్కు ఇచ్చింది రిపబ్లికన్లు. దక్షిణాదిలో పార్టీ నిలవాలంటే ఆ ఓట్లు కావాలి. 1877 వచ్చేసరికి ఆ ఓట్లు లేకుండానే అధ్యక్ష పదవి దక్కే బేరం కుదిరింది. కాపలా ఉన్న సైన్యాన్ని వెనక్కి పిలిచారు. 1883లో సుప్రీంకోర్టు పౌరహక్కుల చట్టాన్నే కొట్టేసింది. 1890లో మిసిసిపీ కొత్త రాజ్యాంగం రాసుకుని ఓటుకి పన్ను, చదువు పరీక్ష పెట్టింది. రాజ్యాంగ సవరణ అక్షరం చెక్కు చెదరలేదు, ఓటు మాత్రం పోయింది. మళ్లీ వచ్చింది 1965లో. అలబామాలోని సెల్మాలో వంతెన మీద ఓటుహక్కు ఊరేగింపువాళ్ల తలలు పగిలితే, డెట్రాయిట్ నుంచి సాయానికి వెళ్లిన వయోలా లియుజో అనే అయిదుగురు పిల్లల తల్లిని కారులో వెంటాడి కాల్చేస్తే, అప్పుడు వచ్చింది. మిసిసిపీలో ఓటర్లుగా నమోదైన నల్లవాళ్లు నూటికి 7 మంది కూడా లేనిది, రెండేళ్లలో 60కి దగ్గరయ్యారు. ఓట్ల కోసం చేసిన చట్టం పనికిరాదనే మన మేధావులు ఈ లెక్క ఒకసారి చూడాలి.

మనవాళ్లు దేన్ని తోసిపుచ్చుతున్నారో వాళ్లకే తెలియదు. 1946 నుంచి ఇండియాకి ఈ దేశం ఇచ్చిన వలస కోటా ఏడాదికి 100 మంది. దేశం మొత్తానికి వంద! 1965 అక్టోబరు 3న వలస చట్టం మీద సంతకం పడింది. పౌరహక్కుల గాలి వీస్తున్న ఆ రెండేళ్లలో కాకపోతే అది పడేది కాదు. అందులోనూ లెక్కలున్నాయి. వలసల సబ్‌కమిటీ అధ్యక్షుడు మైకేల్ ఫీగన్, రక్తసంబంధీకులకి పెద్దపీట వెయ్యమని పట్టుబట్టాడు. ఇక్కడున్నది ఎక్కువగా యూరప్ వాళ్లు గనక వాళ్ల బంధువులే వస్తారని, దేశం రంగు మారదని ఆ లెక్క. లెక్క తప్పింది, మనం వచ్చాం. నాతోపాటు వచ్చినవాళ్లు అన్నల్ని, చెల్లెళ్లని, బావమరుదుల్ని తెచ్చుకున్నది ఫీగన్ తెరిపించిన తలుపులోంచే.

"మేం మెరిట్‌తో వచ్చాం అంకుల్" అంటారు. 1960లో కాకినాడలో, గిండీలో ఫస్టుక్లాసులో పాసైనవాళ్లకి మెరిట్ లేదా? వాళ్లెందుకు రాలేకపోయారు? వాళ్లకి లేనిదీ మనకి దొరికినదీ బర్మింగ్‌హామ్ పౌరహక్కుల ఊరేగింపుల్లో పోలీసు కుక్కల చేత కరిపించుకున్న పిల్లల కష్టం. 2023లో హార్వర్డ్ కేసులో సుప్రీంకోర్టు కాలేజీ అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవద్దన్నప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో పండగ చేసుకున్నారు. అందులో నల్లవాళ్ల గురించి వాడిన మాటలు ఇక్కడ రాయను.

డెట్రాయిట్ సంగతి చెప్పాలి, ఎందుకంటే చట్టం ఉండగా వివక్ష ఎలా బతుకుతుందో నేను కళ్లారా చూసింది ఇక్కడే. ఎయిట్ మైల్ రోడ్డు నగరానికి ఉత్తరపు సరిహద్దు. దానికి దగ్గర్లో బిర్‌వుడ్ వీధి వెనక ఒక గోడ ఉంది. 6 అడుగుల ఎత్తు, అర మైలు పొడవు. 1941లో ఒక బిల్డర్ తెల్లవాళ్లకి ఇళ్లు కట్టబోతే, పక్కన నల్లవాళ్లున్నారు గనక అప్పులకి హామీ ఇవ్వబోమన్నారు ఫెడరల్ ప్రభుత్వం వాళ్లు. మధ్యన గోడ కట్టాడు. హామీ ఇచ్చారు. గోడ ఇప్పటికీ ఉంది, దాని మీద బొమ్మలు వేశారు. మా ఊళ్లో మాలపల్లె ఊరికి ఆవల, కాలవ దాటి ఉండేది. ఇక్కడ కాలవ లేదు గనక కాంక్రీటు పోశారు, అంతే తేడా.

పక్కన డియర్‌బార్న్‌లో ఆర్విల్ హబ్బర్డ్ అనే మేయరు. 1942 నుంచి 1978 దాకా ఆయనే. నల్లవాళ్లని ఊళ్లోకి రానివ్వనని పత్రికలవాళ్ల ముందే గొప్పగా చెప్పుకునేవాడు. ఇటు వారెన్‌లో అప్పట్లో లక్షా 80 వేలకి దగ్గరగా జనం, నల్ల కుటుంబాలు బహు కొద్ది. అక్కడి కార్ల ఫ్యాక్టరీల్లో మాత్రం వేలమంది నల్లవాళ్లు పనిచేసేవాళ్లు. పొద్దున రావచ్చు, పొద్దుగూకేసరికి వెళ్లిపోవాలి. నిక్సన్ దగ్గర గృహనిర్మాణ మంత్రిగా ఉన్న జార్జ్ రామ్నీ, మా మిషిగన్ మాజీ గవర్నరు, నల్లవాళ్లకి కూడా ఇళ్లు ఇస్తేనే డబ్బు ఇస్తానన్నాడు. 1970 నవంబరులో వారెన్ వాళ్లు ఓటింగు పెట్టుకుని ఆ ప్రభుత్వపు డబ్బే మాకక్కర్లేదన్నారు. శివారుల్లోని తెల్ల ఓటర్లు కావలసిన నిక్సన్, రామ్నీని వెనక్కి లాగాడు. తనే అమలు చెయ్యాల్సిన 1968 చట్టాన్ని తనే పక్కన పెట్టించాడు. ఏ లెక్క ఆ చట్టాన్ని తెచ్చిందో అలాంటి లెక్కే దాని గొంతు నులిమింది.

ఆ తర్వాత వరసగా అన్నీ చూశాను. 1971 ఆగస్టులో పాంటియాక్‌లో, పిల్లల్ని కలిపి చదివించడానికి తిప్పబోయే పది స్కూలు బస్సుల్ని కూ క్లక్స్ క్లాన్ వాళ్లు డైనమైట్ పెట్టి పేల్చేశారు. 1972లో మా రాష్ట్రపు డెమోక్రటిక్ ప్రైమరీలో గెలిచింది వేర్పాటువాది, అలబామా గవర్నరు జార్జ్ వాలస్. దక్షిణాదిలో కాదు, కార్మిక సంఘాల కంచుకోట మిషిగన్‌లో! 1974 జూలైలో డెట్రాయిట్ స్కూళ్ల కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు చీలి తీర్పిచ్చింది: వేర్పాటు నగరంలో జరిగింది గనక విరుగుడు నగరంలోనే వెతుక్కోవాలి, శివారు స్కూల్ డిస్ట్రిక్టులని అందులోకి లాగకూడదని. ఆ అయిదుగురిలో నలుగురు నిక్సన్ వేసినవాళ్లే. మిగతా నలుగురిలో ఒకరైన జస్టిస్ తర్గుడ్ మార్షల్ ఎంత గట్టిగా కాదన్నా లాభం లేకపోయింది. గోడ కట్టాల్సిన పని తీరిపోయింది. డిస్ట్రిక్టు గీతే గోడ అయింది.

మన తెలుగువాళ్లు ఇల్లు కొనేముందు అడిగే మొదటి మాట, "మంచి స్కూల్ డిస్ట్రిక్టేనా?" మంచిదే. అది ఎలా మంచిదయిందో, నగరంలో బడి ఎలా చెడిందో ఒక్కరూ అడగరు. నేను ఇల్లు కొన్నప్పుడు రియల్టర్ చూపించిన ఇళ్లన్నీ ఎయిట్ మైల్‌కి ఉత్తరానే. దక్షిణాన ఏమీ లేవా అంటే మాట మార్చాడు.

మనల్ని తెల్లవాళ్లలో కలుపుకుంటారని భ్రమపడేవాళ్లకి రెండు సంగతులు. 1982లో ఇక్కడి హైలాండ్ పార్క్‌లో విన్సెంట్ చిన్ అనే చైనా సంతతి కుర్రవాణ్ణి, జపాన్ వాళ్ల వల్ల మా ఉద్యోగాలు పోయాయనే కోపంతో ఇద్దరు బేస్‌బాల్ బ్యాటుతో కొట్టి చంపారు. జడ్జి వాళ్లని జైలుకే పంపలేదు, తలా 3,000 డాలర్ల జరిమానా వేసి వదిలాడు. అప్పుడు న్యాయం అడగడానికి మిగిలింది నల్లవాళ్లు పోరాడి తెచ్చిన ఫెడరల్ పౌరహక్కుల చట్టమే. 2017 ఫిబ్రవరిలో కేన్సస్‌లోని ఓలేత్‌లో హైదరాబాద్ నుంచి వచ్చిన మన ఇంజనీరుని, మా దేశం నుంచి పొమ్మని అరుస్తూ కాల్చిపారేశాడొకడు. వాడు అతని డిగ్రీలు చూడలేదు.

ఇప్పుడు పద్ధతి మారింది. మా రోజుల్లో వాలస్, హబ్బర్డ్ లాంటివాళ్లు నల్లవాళ్లని పేరు పెట్టి తిట్టేవాళ్లు. అది మంచిదని అనను, ఆ మాటలకి ఎంతమంది ప్రాణాలు పోయాయో తెలుసు. కానీ ఎవరితో పోట్లాడాలో తెలిసేది. ఇప్పుడు ఆర్థిక క్రమశిక్షణ అంటారు, ఎన్నికల పవిత్రత అంటారు. మిషిగన్‌లో దివాలా తీసిన ఊళ్లకి ఎన్నికైన మేయర్లని పక్కన పెట్టి ఎమర్జెన్సీ మేనేజర్లని వేసే చట్టం చేశారు. 2012 నవంబరులో జనం ఓటేసి రద్దు చేశారు. మరుసటి నెలలోనే శాసనసభ మళ్లీ చేసింది, ఈసారి జనం ఓటింగుకి అందకుండా. ఒక దశలో ఈ రాష్ట్రపు నల్లవాళ్లలో సుమారు సగం మంది అలాంటి మేనేజర్ల కింద ఉన్నారు. 2014 ఏప్రిల్‌లో ఫ్లింట్‌లో మేనేజరు పాలనలోనే నీళ్లు మార్చారు, పిల్లల ఒంట్లోకి సీసం ఎక్కింది. 1965 నాటి ఓటుహక్కు చట్టాన్ని 2006లో సెనేట్ 98-0తో పొడిగించింది, ఒక్కరు కాదనలేదు. ఏడేళ్లకి, 2013 జూన్ 25న, సుప్రీంకోర్టు దాని గుండెకాయ తీసేసింది. అదే రోజు టెక్సస్ తన గుర్తింపుకార్డు చట్టాన్ని అమల్లోకి తెస్తున్నానంది. 98-0 అన్నవాళ్లలో దాన్ని తిరిగి కట్టడానికి ముందుకొచ్చినవాళ్లు ఎందరు? అవసరం తీరిపోయింది. మా ఇల్లుగలావిడ 1877 గురించి చెప్పింది ఇదే.

ఇది అమెరికా సంగతే కదా అనుకోనక్కర్లేదు. కారంచేడులో దళితుల ఊచకోత 1985లో జరిగింది. ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టం 1989 సెప్టెంబరులో వచ్చింది, ఎన్నికలకి రెండు నెలల ముందు. 1991లో చుండూరులో మళ్లీ దళితుల హత్యలు. అక్కడ పడిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. నేను పుట్టింది ఆ చుట్టుపక్కలే. చట్టం ఎందుకొచ్చినా సరే, దాన్ని వదిలిపెట్టని మనుషులుంటేనే పనిచేస్తుందని చుండూరు దళితులకి తెలుసు. తమ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకునేదాకా వాళ్లు పట్టు వదల్లేదు.

మొన్న మా సబ్‌డివిజన్ పక్కన తక్కువ ఆదాయం వాళ్లకి అపార్ట్‌మెంట్లు కడతామని ఒక ప్రతిపాదన వచ్చింది. వద్దంటూ సంతకాలు సేకరించారు. నా దగ్గరికి వచ్చిన అబ్బాయి, తెనాలి వైపు వాడు, చాలా మర్యాదగా మాట్లాడాడు. "ట్రాఫిక్ పెరుగుతుంది అంకుల్, స్కూల్ రేటింగ్ పడిపోతుంది, మీ ఇంటి విలువ కూడా పడుతుంది." 1970లో వారెన్ వాళ్ల వాదనలూ ఇవే. నేను సంతకం పెట్టలేదు. కాగితం మాత్రం అడిగి తీసుకుని చూశాను. మొదటి పేజీలో సగానికి పైగా మన ఇంటిపేర్లే. వచ్చే నెలలో టౌన్‌షిప్ బోర్డు దీని మీద బహిరంగ సమావేశం పెట్టింది. మాట్లాడతానని నా పేరు ఇచ్చాను. మనిషికి మూడు నిమిషాలట. వారెన్ నుంచి మొదలుపెడతాను.